పడగొట్టే శనివారం

నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక రేకు డబ్బా ఉంటుంది. నిన్న మధ్యాహ్నం దాని మూత తీయగానే, ముంబయిలో ఎక్కడో పై అంతస్తులో ఉన్న మా ఆఫీసు గది ఏసీ చల్లదనంలోకి పలాస వాసన వచ్చింది. జీడిపప్పు వాసన అంటే అందరికీ తెలిసిందే, పాయసంలో నేతితో కలిసి వచ్చేది. నేను చెప్పేది అది కాదు. పొట్టుతో ఉన్న జీడిపిక్కలు కాల్చే చోట లేచే పొగ, మాడిన పొట్టు చేదు, చేతికి అంటితే ఎంత రుద్దినా ఒక పట్టాన వదలని జిడ్డు, ఆ వాసన. పప్పును ఎంత శుభ్రం చేసి డబ్బాలో పోసినా అడుగున ఎక్కడో అది కాస్త మిగిలే ఉంటుంది. ఆ వాసనతో పాటు నాకు ఒక గొంతు కూడా వినిపిస్తుంది. "పడిందేటి?" అని అడుగుతుంది.

ఆ గొంతు దాలినాయుడు గారిది. పలాసలో ఒక చిన్న సహకార బ్యాంకుకు ఆయన మేనేజరు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని. ఇప్పుడు నేను దేశంలోని పెద్ద బ్యాంకుల సత్తువ పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. మా పని వింటే కొందరు నవ్వుతారు. లేని కష్టాలను కాగితం మీద పుట్టిస్తాం. అప్పు తీసుకున్నవాళ్లు కట్టడం మానేశారనుకోండి, వడ్డీ రేట్లు పైకి పోయాయనుకోండి, డిపాజిట్లు వేసినవాళ్లంతా ఒక్కసారే వచ్చి మా డబ్బు మాకివ్వండి అన్నారనుకోండి. అప్పుడు ఈ బ్యాంకు సొంత మూలధనం ఎంత మిగులుతుంది, నిలబడుతుందా, కూలుతుందా అని లెక్క కడతాం. మేం గీసిన గీత కిందికి జారితే, కష్టం రాకముందే ఇంకొంత మూలధనం సమకూర్చుకోమని చెబుతాం. ఈ విద్యకు లావుపాటి పుస్తకాలున్నాయి, శిక్షణ తరగతులున్నాయి. అన్నీ చదివాను, అన్నింటికీ వెళ్లాను. నేర్చుకున్నది మాత్రం పలాసలో, శనివారం సాయంత్రాలు, మిరపకాయ బజ్జీలు తింటూ.

నేను అక్కడికి ఎలాంటి ఇంట్లోంచి వెళ్లానో ముందు చెప్పాలి. మాది టెక్కలి. నాన్నగారు గుడిలో అర్చకులు. మా ఇంట్లో చెడ్డమాట గడప తొక్కకూడదు. మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. బయటికి వెళ్లేటప్పుడు 'వెళ్తాను' అంటే అమ్మ వెనక్కి పిలిచి 'వెళ్లొస్తాను' అనిపించేది. సాయంత్రం పూట ఎవరైనా 'ఒకవేళ ఏమన్నా అయితే' అని మొదలుపెడితే చాలు, "సంధ్యవేళ అవేం మాటలే! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. విని తథాస్తు అన్నారంటే అన్నంత పనీ అయి కూర్చుంటుంది" అని నోటికి అడ్డంగా చెయ్యి పెట్టేది. ఇరవై ఏళ్లు దాటేదాకా నేను ఒక్క కీడు కూడా పైకి ఊహించి ఎరగను. అలాంటి దాన్ని పోయి పోయి దాలినాయుడు గారి చేతిలో పడ్డాను.

ఆయన సముద్రం వెంబడి తోటలుండే ఉద్దానం ప్రాంతంలో జలంత్రకోట మనిషి. ఇంటిల్లిపాదీ కొబ్బరి, జీడితోటల వ్యవసాయం. ఆయన ఒక్కరే చదువుకుని బ్యాంకులో చేరారు. మంచి పొడగరి, దానికి తగ్గ పొట్ట, రెండింటినీ మించిన మీసం. ఆ మీసానికి చొక్కా జేబులో ప్రత్యేకంగా ఒక చిన్న దువ్వెన ఉండేది. పొగిడితే పొంగిపోయేవారు, ఆ సంగతి దాచుకునేవారు కాదు. ఆయన నవ్వితే కౌంటరు అవతల వరసలో నిలబడ్డవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవాళ్లు. నేను చేరిన రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీసం దువ్వుకుంటూ, "టెక్కలి నుంచి రోజూ వొచ్చి ఎల్తావేటమ్మా?" అని అడిగారు. బస్సులో వస్తానని చెప్పాను. "మంచిది. బేంకు ఏటి సేత్తాదో సెప్పు సూద్దాం" అన్నారు. చదువుకున్నది అప్పజెప్పాను. డిపాజిట్లు తీసుకుంటుంది, అప్పులిస్తుంది, రెండు వడ్డీల మధ్య తేడాతో బతుకుతుంది. ఆయన తల ఊపి, "అది ఎండ కాసినప్పటి మాట. గాలొచ్చినప్పుడు ఏటి సేత్తాది?" అన్నారు. మా వైపు గాలి అంటే తుఫాను. అది మా పుస్తకాల్లో లేదన్నాను. "పర్లేదు. శనివారం తెలుత్తాదిలే" అని నవ్వేశారు.

నెలలో ఆఖరి శనివారం కౌంటరు మూశాక షట్టరు సగం దించి, బల్లలు దగ్గరికి లాగేవాళ్లం. ఎదురు కొట్టు నుంచి టీ, బజ్జీలు వచ్చేవి. మేనేజరు గారు తన కుర్చీ మధ్యలోకి జరుపుకుని, బల్ల మీద ఒక రేకు డబ్బా పెట్టేవారు. పలాసలో పప్పు నింపి ఊరూరా పంపే డబ్బాయే అది. లోపల ఒక్కటి కూడా విరగని పెద్ద పప్పు. "ఇయాల మన బేంకుని ఎవులు పడగొడితే ఆలకే ఇది" అనేవారు. ఆ ఆటకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. దేవుడు అలా చెయ్యడులెండి అని తప్పించుకోకూడదు. ఎక్కడో సముద్రాల అవతలి కష్టం కాదు, మన చుట్టుపక్కల జరగగల కష్టమే చెప్పాలి. పడగొట్టినవాళ్లే మళ్లీ లేపే దారి కూడా చూడాలి. అంతా అయ్యాక 'బ్యాంకు నిలబడింది' అని ఒకరు గట్టిగా చెబితే మిగిలినవాళ్లంతా తథాస్తు అనాలి.

మొదటిసారి నేను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. క్యాషియరు సూర్యం గారు పెద్దమనిషి, లెక్కలో పైసా తేడా రానివ్వరు. ఆయన లేచి, "దొంగలు పడ్డారు బాబూ. ఇనప్పెట్టె ఊడ్సుకుపోనారు" అన్నారు. "బీమా ఉన్నాది. పడనేదు. కూకో, బజ్జీ తిను" అన్నారు మేనేజరు గారు. ఇంకెవరో, పెద్ద ఫ్యాక్టరీ ఒకటి అప్పు ఎగ్గొట్టిందన్నారు. ఆయన కళ్లు మూసుకుని లెక్క వేసుకుని, "ఈ ఏడు లాభం పోద్ది. ఊగింది గానీ పడనేదు. నువ్వూ బజ్జీ తిను" అన్నారు. వంతు నాదాకా వచ్చింది. "సంధ్యవేళ ఇలాంటి మాటలు అనకూడదండి. తథాస్తు దేవతలుంటారు, మా ఇంట్లో ఒప్పుకోరు" అనేశాను. సూర్యం గారికి నవ్వాగక టీ పొలమారింది. దాలినాయుడు గారు నవ్వలేదు. "ఉన్నారమ్మా. నేరని నానన్నానేటి? అందుకే గదా ఆఖర్న నిలబడిందనీసి సెప్పిత్తన్నాను. పడిందన్న మాట ఇన్న సెవులే నిలబడిందన్న మాటా ఇంటాయి. పడగొట్టీసి ఊరుకుంటే తప్పు. లేపి ఎల్తే తప్పేటి? బయపడకు" అన్నారు. అయినా ఆ నెల నాకు ధైర్యం చాలలేదు. ఆ పై నెలా అంతే.

ఆ వేసవిలో ఒక రైతుకిచ్చిన అప్పు చూసి రావడానికి ఆయన నన్ను జలంత్రకోట వైపు తీసుకువెళ్లారు. మా బ్యాంకుకు అప్పుల సంగతిలో ఒక ధీమా ఉండేది. జీడి రైతులకు కొంత, పప్పు తీసే ఫ్యాక్టరీలకు కొంత, లారీల వాళ్లకు, రేకు డబ్బాలు చేసేవాళ్లకు, బంగారం కొట్లకు తలా కొంత ఇచ్చాం. ఒక వ్యాపారం దెబ్బతిన్నా మిగిలినవి కాస్తాయి కదా అనుకునేవాళ్లం. ఆ తోటకు వెళ్లేసరికి రైతు పిక్కలు ఆరబోసి ఉంచాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మనిషి గుప్పిట్లో పిక్కలు ఆడిస్తూ బేరం చేస్తున్నాడు. తోట మొదట్లో లారీ ఆగి ఉంది, దాని మీద అప్పు మాదే. డబ్బాలు చేసే ఆసామి పాత బాకీ కోసం ఆ ఫ్యాక్టరీ మనిషిని వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. రైతు భార్య మాకు మజ్జిగ ఇస్తూ, పంట డబ్బు చేతికి రాగానే పిల్లకు గొలుసు చేయిస్తానని పలాసలో కొట్టు పేరు చెప్పింది. ఆ కొట్టుకు అప్పిచ్చిందీ మేమే. ఒక్కొక్కరినే చూస్తూ పోతే అందరూ మా ఖాతాదారులే, అందరూ ఆ జీడి కొమ్మల నీడలోనే నిలబడి ఉన్నారు. ఇంతలో సముద్రం వైపు నుంచి గాలి విసిరింది. కొమ్మలన్నీ ఒకే వైపు వంగాయి. దాలినాయుడు గారు పనసతొనలు తింటూ, "ఏటమ్మా, దెయ్యాన్ని సూసినట్టు అలగయిపోనావు?" అన్నారు. "శనివారం చెబుతానండి" అన్నాను.

ఆ శనివారం నా వంతు వచ్చింది. లేచి నిలబడి, "గాలి వచ్చిందండి. పెద్ద గాలి. చెట్లు పడ్డాయి" అని మొదలుపెట్టాను. "పడనీ. రైతుల బాకీలు ఆగుతాయి. ఆ తరవాత?" అన్నారు ఆయన, ఇంకా నవ్వుతూనే. "పిక్కలు లేక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మొయ్యడానికి సరుకు లేక లారీలు ఆగిపోయాయి. డబ్బాలు కొనే దిక్కు లేదు. బంగారం కొట్టుకు మనిషి రాడు. ఇవి వేరువేరు అప్పులు కావండి. అన్నీ ఒకే చెట్టుకు ఇచ్చిన ఒకే అప్పు. సరిగ్గా ఆ రోజునే డిపాజిట్లు వేసినవాళ్లకు ఇల్లు కప్పుకోవడానికి డబ్బు కావాలి. మనకు రావలసింది రాదు, ఇవ్వవలసింది ఇచ్చి తీరాలి. చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అంతకాలం మోయడానికి మన సొంత మూలధనం చాలదు" అన్నాను. ఎవరూ బజ్జీ ముట్టుకోలేదు. దాలినాయుడు గారి నవ్వు పోయింది. ఆ బ్యాంకు ఆయనకు కన్నబిడ్డ. తన చేతి మీదుగా ఇచ్చిన అప్పులవి. నిన్నగాక మొన్న చేరిన పిల్ల వాటిని పట్టుకుని అంత మాట అంటే ఏ మేనేజరు ఊరుకుంటాడు? ఆయన లేచి షట్టరు దాకా నడిచారు. వెనక్కి వచ్చారు. ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తి, "పడిపోనాది! ఓలమ్మో, మన బేంకు పడిపోనాది!" అని పెళ్లివారు మేళం మోగించినంత సంబరంగా అరిచారు.

షట్టరు కింద నుంచి టీ కొట్టు అతను తల దూర్చి, "ఏటి బాబూ, బేంకు పడిపోనాదా?" అన్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. అతని డబ్బు కూడా మా దగ్గరే ఉంది మరి. అతన్ని కూర్చోబెట్టి, ఇది ఆట అని నచ్చజెప్పేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. దాలినాయుడు గారు డబ్బా నా చేతిలో పెట్టారు. "ఇన్నేళ్లలో దీన్ని ఇంత బాగా ఎవులూ పడగొట్టనేదు. ఇప్పుడు లేపు" అన్నారు. ఓడినందుకు అంత ఆనందించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆ తరవాత కూడా పెద్దగా చూడలేదు. డబ్బా ఇంటికి తీసుకెళ్తే, ఎందుకిచ్చారే అని అమ్మ అడిగింది. బాగా పనిచేశానట అని చెప్పి ఊరుకున్నాను.

లేపడం అంత తేలిక కాలేదు. ఇద్దరం కూర్చుని దారి వెతికాం. కొత్త అప్పులు కొన్ని జీడిచెట్టుతో సంబంధం లేని పనులకు ఇవ్వాలి. టెక్కలి వైపు గ్రానైటు కోసేవాళ్లున్నారు, రాయి గాలికి వంగదు కదా. అవసరం వస్తే వెంటనే తెచ్చుకోగలిగేలా కొంత సొమ్ము విశాఖపట్నంలో వేరుగా ఉంచాలి. అన్నింటికన్నా ముఖ్యం, బ్యాంకు లాభాన్ని సభ్యులకు పంచకుండా మూలధనంలో కలుపుకోవాలి. దీనికి పాలకవర్గం ఒప్పుకోవాలి. అధ్యక్షులు పాపారావు గారు స్వయంగా జీడి ఫ్యాక్టరీ యజమాని, దాలినాయుడు గారిని బావా అని పిలిచే చనువున్నవారు. సమావేశంలో ఆయన మొహం ఎర్రబడింది. "ఏటి బావా, సాయంకాలం పూట షట్టరు దించీసి బేంకు పడిపోనాదని అరుత్తన్నావట. టీ కొట్టోడు ఊరంతా సెప్తన్నాడు. మేనేజరే అపసకునం మాటలాడితే జనం డబ్బెలగ దాసుకుంటారు?" అన్నారు. అందరూ అవునవునన్నారు. నేను వెనక కుర్చీలో ముడుచుకుపోయాను.

దాలినాయుడు గారు జేబులోంచి దువ్వెన తీసి నిదానంగా మీసం దువ్వుకున్నారు. "బావా, నీ ఫేక్టరీ కప్పు రేకుల మీద ఇసక బస్తాలెందుకు ఎట్టించినావు?" అన్నారు. "గాలికి ఎగిరిపోకుండా. ఇదేటి అడగడం?" అన్నారు పాపారావు గారు. "గాలి రావాలని కోరుకుని ఎట్టించినావేటి?" "ఎవులు కోరుకుంటారు?" "మరి బస్తా ఎట్టినప్పుడు రాని అపసకునం, బేంకు మీద బస్తా ఎట్టమంటే ఎలగొచ్చిందీ? నానడుగుతున్నదీ ఇసక బస్తాలే బావా. రెండేళ్లు లాబం పంచకండి. ఈలోగా బేంకు ఎవులి దగ్గరన్నా సెయ్యి సాపితే నన్ను ఇంటికి పంపీండి" అన్నారు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి పాపారావు గారు కూడా నవ్వారు. అలా మాట నెగ్గింది. సభ్యులు మాత్రం ఆనాటి నుంచి, దాలినాయుడంత పిసినారి ఉద్దానంలో పుట్టలేదని మా మొహం మీదే అనేవాళ్లు. ఆయన దానికీ మీసం దువ్వుకునేవారు.

గాలి వచ్చింది. ఆ గడువు ఇంకా తీరకుండానే వచ్చింది. దాని పేరు నేనిక్కడ రాయను, మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. హెచ్చరిక రాగానే మేనేజరు గారు విశాఖపట్నంలో ఉంచిన సొమ్ములోంచి నోట్లు తెప్పించి ఇనప్పెట్టె నింపించి, జలంత్రకోట వెళ్లిపోయారు. నేను అప్పటికి పలాసలోనే గది తీసుకుని ఉంటున్నాను. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కటే చెబుతున్నారు. కొబ్బరిచెట్లకు తలలు లేవట, జీడిచెట్లు వేళ్లతో సహా పెకలించుకుని పడ్డాయట. బ్యాంకు తలుపు దగ్గర అప్పుడే జనం పోగయ్యారు. ఫ్యాక్టరీలవాళ్లు ఇక అప్పులు కట్టరట, బ్యాంకులో చిల్లిగవ్వ లేదట అని ఎవరో పుట్టించారు. సూర్యం గారు షట్టరు సగం ఎత్తి, భయంతో నా వైపు చూస్తున్నారు.

అప్పుడు వచ్చారు దాలినాయుడు గారు. పడిన చెట్ల మధ్య బండి ఎక్కడో వదిలేసి, లారీయో బండో దొరికిన చోట ఎక్కి, లేనిచోట నడిచి వచ్చారు. మోకాళ్ల దాకా బురద. మీసం చెదిరిపోయి ఉంది. అది దువ్వకుండా ఆయన్ని నేను చూడడం అదే మొదలు. "తోట ఎలా ఉందండి?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. "నిండుకుందమ్మా" అన్నారు. ఎంత కీడైనా నోరారా అనగల మనిషి, మా అమ్మ బియ్యం డబ్బా దగ్గర అనే మాట అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా భుజం తట్టి, "ఏడుపు సాయంకాలం. ఇప్పుడు బేంకు" అని, సూర్యం గారి వైపు తిరిగి, "సగం ఎత్తినావేటి షట్టరు? సగం ఎత్తితే సగమే నమ్ముతారు. పూర్తిగా ఎత్తు" అని కేకేశారు.

ఆ రోజు ఆయన లోపల కూర్చోలేదు. బల్ల ఒకటి బయట వేయించుకుని, బురద కాళ్లతోనే జనం మధ్య కూర్చున్నారు. ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించి, ఇల్లు ఉందా, పశువులున్నాయా అని అడిగి లోపలికి పంపించారు. అడిగిన ప్రతివాళ్లకూ అడిగినంతా ఇచ్చాం. కంప్యూటర్లు లేవు, చేత్తో రాసుకుంటూ ఇచ్చాం. మధ్యాహ్నానికి సంతబొమ్మాళి వైపు సముద్రపొడ్డు పల్లె నుంచి ఎర్రమ్మ అనే పెద్దావిడ తడిసిన చీరతో వచ్చింది. దాచుకున్నదంతా ఇచ్చెయ్యమంది. ఇచ్చాను. నోట్లు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇంటి కప్పుకు కావలసిన కాసిని కొంగున ముడివేసుకుని, మిగిలిన కట్ట కౌంటరు మీదకు తోసింది. "ఇదెందుకమ్మా?" అన్నాను. "ఉందో నేదో సూద్దామని వొచ్చినాను. ఉంది గదా. ఉంచీ. మా ఇంటికి కప్పు నేదు, మీ ఇంటికి ఉన్నాది" అంది. ఆ మాట వరసలో వెనక్కి వెనక్కి పాకడం నేను కళ్లారా చూశాను. కొంతమంది లోపలికి రాకుండానే వెనుదిరిగారు. సాయంత్రానికి మా తలుపు ముందు జనం లేరు, ఇనప్పెట్టెలో సొమ్ము ఉంది.

ఆ ఏడు అనుకున్నట్టే జరిగింది. రైతుల నుంచి, ఫ్యాక్టరీల నుంచి, లారీల వాళ్ల నుంచి రావలసినవి రాలేదు. నేను ఆ శనివారం చెప్పిన వరసలోనే ఒకటొకటీ ఆగిపోయాయి. కానీ అప్పటిదాకా పంచకుండా ఉంచిన లాభం ఆ దెబ్బను కాచుకుంది. రైతులకు గడువు ఇవ్వగలిగాం, మళ్లీ నాటుకోవడానికి కొత్త అప్పు కూడా ఇవ్వగలిగాం. ఒక్క రోజు తలుపు మూయలేదు, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. సభ్యుల సమావేశంలో పాపారావు గారు లేచి, "నా ఫేక్టరీ రేకులు బస్తాలతో సహా ఎగిరిపోనాయి గానీ, మా బావ ఎట్టిన బస్తాలు కదల్నేదు" అని దండ వేశారు. పిసినారి అన్నవాళ్లే చప్పట్లు కొట్టారు. దాలినాయుడు గారు నన్ను ముందుకు పిలిచి ఆ దండ నా మెడలో వేశారు. "ఈ గుంటే మన బేంకుని పడగొట్టింది" అన్నారు. సభంతా బిత్తరపోయింది. "బేంకు నిలబడింది!" అని అరిచాను నేను. మా ఉద్యోగులం అందరం తథాస్తు అన్నాం. జనానికి ఏమీ అర్థం కాకపోయినా వాళ్లూ తథాస్తు అన్నారు.

ముంబయి ఉద్యోగానికి పరీక్ష రాయమని తరిమింది ఆయనే. నాకు బెంగగా ఉండేది. పలాస స్టేషన్లో రైలెక్కించడానికి వచ్చినప్పుడు, అవన్నీ చాలా పెద్ద బ్యాంకులండి, వాళ్ల ముందు నేనెంత అన్నాను. "సెట్టు పెద్దదయితే గాలి తక్కువ తగుల్తాదేటి? ఎక్కువ తగుల్తాది. ఎల్లి, గట్టిగా తొయ్యి" అన్నారు.

వెళ్లి చూస్తే పెద్ద బ్యాంకులకూ ఒక 'నిండుకున్నాయి' ఉంది. వసూలు కాని అప్పును వాళ్లు వసూలు కాదని అనరు, ఒత్తిడిలో ఉన్న ఖాతా అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ గుర్తొచ్చి నవ్వాను. ఒకసారి ఒక పెద్ద బ్యాంకు అధికారి మా పరీక్షను చూసి, "ఇళ్లు కట్టే సంస్థలు, సిమెంటు, ఉక్కు, ఇళ్ల అప్పులు, ఇవన్నీ ఒకే ఏడాదిలో దెబ్బతినడం జరిగే పని కాదు మేడం. మా అప్పులు అన్ని రంగాల్లోనూ ఉన్నాయి" అన్నారు. నాకు జలంత్రకోట తోట కనిపించింది. "అన్నీ ఒకే చెట్టు కింద లేవని చూపించండి, ఆ లెక్క తీసేస్తాను" అన్నాను. ఎన్నో రోజులు వాదించుకున్నాం. వాళ్లు చూపించలేకపోయారు. కాగితం మీద బ్యాంకు గీత కిందికి జారింది. పై నుంచి నాకు ఫోన్లు వచ్చాయి, కాస్త మెత్తగా రాయమన్నారు. రాయలేదు. చేసేది లేక వాళ్లు మూలధనం పెంచుకున్నారు. తరవాత నిజంగానే గడ్డుకాలం వచ్చింది, ఇళ్ల కట్టుబడి ఆగిపోయింది. ఆ బ్యాంకు ఊగింది గానీ పడలేదు. అందులో డబ్బు దాచుకున్నవాళ్లకు అలాంటిదొకటి జరిగినట్టే తెలియదు. తెలియకపోవడమే మా గెలుపు. ఆ వార్త చెబుదామని ఆయనకు ఫోన్ చేస్తే, "పడిందేటి?" అన్నారు. "పడలేదండి!" అన్నాను గర్వంగా. "అయితే నువ్వు గట్టిగా తొయ్యనేదన్నమాట" అని నవ్వారు. ఆ నవ్వు వినడం కోసం మరో గంట మాట్లాడాను.

ఆయన పోయి కొంతకాలమైంది. వెళ్లాను. మళ్లీ నాటిన తోట అప్పటికి కాపుకు వచ్చింది, ఆ చెట్ల మధ్య నిలబడి తనివితీరా ఏడ్చాను. ఆయన భార్య ఏటా ఆ తోట పప్పే ఒక డబ్బా నాకు పంపుతారు. నా సొరుగులో ఉండేది అదే. మా విభాగంలో ఆ ఆట నేనూ ఆడిస్తాను, మాకు శనివారం సెలవు కాబట్టి నెలాఖరు శుక్రవారానికి మారింది. బజ్జీల బదులు వడాపావ్. మిగిలిన కట్టుబాట్లన్నీ అవే.

నిన్న మృణాల్ వంతు వచ్చింది. నాగపూర్ అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "మేడం, నేను ఏ బ్యాంకునూ పడగొట్టడం లేదు. మన పరీక్షనే పడగొడతాను" అంది. ఆ పరీక్షను తయారుచేసింది నేనే. అందరూ కుర్చీల్లో సర్దుకున్నారు. "మనం రాసిన కష్టకాలం ప్రతిసారీ ఒక చోట ఆగిపోతుంది. ఆ తరవాత అన్నీ కోలుకుంటాయని రాశాం. కోలుకునే లోపలే రెండో దెబ్బ తగిలితే? మొదటి దెబ్బకే మూలధనం ఖర్చయి ఉంటుంది. ఆ లెక్క మనం ఎక్కడా కట్టలేదు. నేను కట్టాను. మనం నిలబడతాయని రాసిన బ్యాంకుల్లో కొన్ని నిలబడవు" అంది. కాగితాలు నా ముందుకు జరిపింది. చెట్టు కాపుకు వచ్చేలోగా మరో గాలి. ఉద్దానంలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి, నేనే రాయలేదు. గదిలో అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. చురుక్కుమన్నమాట నిజం. ఇన్నేళ్ల నా పని అది, చాలామంది మెచ్చుకున్న పని. నాకు తెలియకుండానే లేచి కిటికీ దాకా నడిచాను. వెనక్కి వచ్చాను. రెండు చేతులూ పైకి లేచాయి.

"పడిపోనాది! ఓలమ్మో, పడిపోనాది!" అని అరిచాను.

ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా అందరూ నవ్వారు, ముందుగా మృణాల్. సొరుగు లాగి డబ్బా తీశాను. మూత తీయగానే ఆ వాసన వచ్చింది. డబ్బా ఆమె చేతిలో పెట్టి, "ఇన్నేళ్లలో దీన్ని ఇంత బాగా ఎవరూ పడగొట్టలేదు. ఇప్పుడు లేపు" అన్నాను. కుర్చీలు దగ్గరికి లాక్కున్నాం. చీకటి పడే వేళకు లేపే దారి దొరికింది. నిలబడింది అని ఆ పిల్ల తన యాసలో గట్టిగా చెప్పింది. అందరూ తథాస్తు అన్నారు. పడిందేటి, అని నా చెవిలో అడిగారు దాలినాయుడు గారు. పడిందండి, ఈసారి నాదే పడింది అన్నాను.